ఒప్పుకున్నాడని రాసుకుంటే కేసు అయిపోయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. 2021లో మా ఊళ్ళో పొలం గట్టు తగాదాలో ఒకాయన్ని చంపేశారు. మా తమ్ముడినీ, వాడి స్నేహితుడినీ అరెస్ట్ చేశారు. కళ్ళారా చూసిన సాక్షి ఎవరూ లేరు. తమ్ముడు వీఆర్వో దగ్గరికి వెళ్ళి నేరం ఒప్పుకున్నాడనీ, తర్వాత పోలీసులను తీసుకెళ్ళి గడ్డివామిలోంచి కొడవలి తీసి ఇచ్చాడనీ కేసు. ఇద్దరం కలిసి చేశామని స్నేహితుడు మేజిస్ట్రేటు ముందు చెప్పాడు. తర్వాత సెషన్స్ కోర్టులో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అయినా ఇద్దరికీ జీవిత ఖైదు పడింది. తీర్పు వచ్చి 24 రోజులైంది. తమ్ముడు నెల్లూరు సెంట్రల్ జైల్లో ఉన్నాడు. స్టేషన్లో కొట్టి సంతకాలు పెట్టించుకున్నారని మొదటి నుంచీ ఒకటే మాట చెబుతున్నాడు. ఊళ్ళో మాత్రం "చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు" అంటున్నారు. నాన్న మంచం పట్టారు. హైకోర్టుకు వెళ్తే మూడు లక్షలవుతుందట. ఉన్న రెండెకరాలు అమ్మాలా? ఒప్పుకున్న కేసులో అప్పీలు నిలబడుతుందా?
– ఒక అక్క

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు కంగారు పెట్టింది ఒప్పుకోలు కాదు, ఆ 24 రోజులు. సెషన్స్ కోర్టు వేసిన జీవిత ఖైదు మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి గడువు 60 రోజులు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తయారయ్యే రోజు వరకు పట్టే కాలాన్ని ఆ 60లోంచి మినహాయిస్తారు. గడువు దాటినా ఆలస్యానికి కారణం చూపి పిటిషన్ వేసుకోవచ్చు. జైల్లో ఉన్న మనిషి విషయంలో కోర్టులు అంత బిగుసుకుని కూర్చోవు. కానీ ఆ అవసరం రానివ్వకండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ తమ్ముడు జైలు సూపరింటెండెంటుకు అప్పీలు కాగితం ఇస్తే చాలు, దాన్ని హైకోర్టుకు పంపడం జైలు బాధ్యత. దీన్నే జైలు అప్పీలు అంటారు. పైసా ఖర్చు లేదు. తీర్పు నకలు కూడా శిక్ష పడిన మనిషికి ఉచితంగా ఇవ్వాల్సిందే. అది మీ తమ్ముడి చేతికి వచ్చిందో లేదో ఈ వారమే కనుక్కోండి.

పొలం అమ్మకండి. కనీసం ఇప్పుడు అమ్మకండి. కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది, ఎవరి దయా కాదు. ఒంగోలులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. అమరావతిలో హైకోర్టుకు సొంతంగా న్యాయ సేవల కమిటీ ఉంది. 15100కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. లీగల్ ఎయిడ్ లాయరంటే చిన్నచూపు ఉంది మనవాళ్ళకు. హత్య కేసు అప్పీళ్ళు ప్రాణం పెట్టి వాదించిన లీగల్ ఎయిడ్ లాయర్లను నేను చూశాను. లక్షలు తీసుకుని ఫైలు విప్పనివాళ్ళనూ చూశాను. రేపు మీకు నమ్మకమైన ప్రైవేటు లాయరు దొరికితే అప్పుడు మార్చుకోవచ్చు. ముందు అప్పీలు దాఖలు కావాలి.

ఇక మీ ఊరివాళ్ళ మాట. "చేయనివాడు ఎందుకు ఒప్పుకుంటాడు?" 31 ఏళ్ళ ప్రాక్టీసులో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. స్టేషన్లో నాలుగు రాత్రులు గడిపిన మనిషి మాత్రం ఈ ప్రశ్న వేయగా నేను వినలేదు. దెబ్బలకు తాళలేక ఒప్పుకుంటారు. "అక్కను కూడా తీసుకొస్తాం" అంటే ఒప్పుకుంటారు. "ఇక్కడ సంతకం పెట్టు, కోర్టులో చూసుకుందాం" అంటే ఒప్పుకుంటారు. ఏం రాశారో చదవడం రాక వేలిముద్ర వేసినవాళ్ళున్నారు. ఇది కొత్తగా తెలిసింది కూడా కాదు. మన కోస్తా జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, పన్నుల వసూలు కోసమూ నేరం ఒప్పించడం కోసమూ జనాన్ని హింసిస్తున్నారని గోల పుడితే ప్రభుత్వమే విచారణ కమిషన్ వేసింది. ఆ హింస నిజమేనని 1855లో ఆ కమిషన్ రిపోర్టు ఇచ్చింది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువుగా పనికిరాదన్న నియమం 1861లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి వచ్చింది. 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అయింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అదే 23వ సెక్షన్. తమ పోలీసుల మీద తెల్లదొరలకే లేని నమ్మకం మన ఊరి రచ్చబండకు ఉండటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

కాబట్టి "ఒప్పుకున్నాడా" అని అడిగి ఊరుకోకూడదు. ఎవరి ముందు, ఎక్కడ, ఎవరి కాపలాలో ఉండగా, ఏ మాటలతో ఒప్పుకున్నాడు, దాన్ని కాగితం మీద ఎవరు పెట్టారు? అప్పీలంతా ఈ ప్రశ్నల మీదే నడుస్తుంది. మీ తమ్ముడి మీద మూడు రకాల ఒప్పుకోళ్ళు ఉన్నాయి. మూడింటికీ మూడు వేర్వేరు తూకాలు. కలిపి చూస్తే పెద్ద కొండలా కనిపిస్తాయి, అందుకే విడదీసి చూద్దాం.

గడ్డివామి దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే పోలీసులకు చెప్పిన మాట వల్ల వస్తువు దొరికితే ఆ మాటలో ఎంత చెల్లుతుందన్న విషయం మీద దేశమంతా ఈ రోజుకీ ఆధారపడే తీర్పు మన గుంటూరు జిల్లా గడ్డివామిలోంచే వచ్చింది. పులుకూరి కొట్టయ్య కేసు, 1947 నాటిదని లాయర్లు చెబుతారు. ఒక ఊళ్ళో రెండు వర్గాలు కొట్టుకుంటే ఇద్దరు చనిపోయారు. ముద్దాయిల్లో ఒకతను పోలీసులకు పెద్ద వాంగ్మూలమే ఇచ్చాడు. చెరువు మూల దగ్గర కాపు కాశామనీ, కొట్టి చంపామనీ, ఫలానావాళ్ళు పారిపోయారనీ, కొట్టయ్య పురమాయిస్తేనే చేశామనీ అందులో ఉంది. మధ్యలో ఒక్క మాట: బరిసెనూ నా కర్రనూ ఊళ్ళో ఫలానా ఆయన వామిలో దాచాను, వస్తే చూపిస్తాను. వెళ్ళి చూస్తే దొరికాయి. వస్తువు దొరికింది కాబట్టి మొత్తం వాంగ్మూలం చెల్లుతుందన్నది ప్రభుత్వం వాదన. కేసు అప్పట్లో మనకు ఆఖరి కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. అక్కడి జడ్జీలు ఆ వాదన ఒప్పుకోలేదు. దాచాను, చూపిస్తాను అన్న ముక్క ఒక్కటే చెల్లుతుంది, చంపామన్న కథంతా తీసేయాలన్నారు. ఆ చెల్లని భాగం లేకుండా మిగిలిన సాక్ష్యం సరిపోతుందో లేదో చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు వెనక్కి పంపారు.

ఆ తీర్పులో ఒక వివరణ ఉంది, మీ లాయరు దాన్ని మరిచిపోకూడదు. ఇంటి కప్పులో కత్తి దాచానని ఒకడు చెబితే దానివల్ల కత్తి అనే వస్తువు కనుక్కున్నట్టు కాదట, కత్తులు ఎప్పుడో కనుక్కున్నారు. ఆ కత్తి అక్కడ ఉందని అతనికి తెలుసు, అంతవరకే బయటపడింది. దానితోనే చంపాడని రుజువు కావాలంటే వేరే సాక్ష్యం ఉండాలి.

మీ తమ్ముడి కేసుకు ఇది అద్దంలా సరిపోతుంది. ఆ గడ్డివామి ఎవరిది? మీ దొడ్లోదా, ఊరి బయట అందరూ తిరిగే చోటుదా? కొడవలి వామి పైన కనిపిస్తూ ఉందా, లోపల ఉందా? పల్లెలో కొడవలి లేని ఇల్లు ఉండదు. మరి ఇదే కొడవలి అని ఎలా చెప్పారు? ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) రిపోర్టులో మనిషి రక్తం అని మాత్రమే ఉందా, చనిపోయిన ఆయన బ్లడ్ గ్రూపుతో కలిసిందని ఉందా, డీఎన్‌ఏ పరీక్ష చేశారా? పోలీసులు అక్కడికి అంతకుముందే ఒకసారి వెళ్ళారా? పంచనామా మీద సంతకం చేసిన మధ్యవర్తులను స్టేషన్‌కు పిలిచి, వాళ్ళ ఎదుట మీ తమ్ముడి చేత చెప్పించి, ఆ మాటలు అలాగే రాసి, తర్వాత అందరూ కలిసి బయలుదేరారా? లేక వామి దగ్గరకు పిలిచి అప్పుడు సంతకాలు పెట్టించారా? సుబ్రమణ్య కేసులో 2022లో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ క్రమం గురించే గట్టిగా చెప్పింది. ముద్దాయి అన్న మాటలు ఏమిటో దర్యాప్తు అధికారి కోర్టులో చెప్పకపోతే, మధ్యవర్తులు చెప్పకపోతే, ఆ స్వాధీనానికి విలువ పడిపోతుంది.

మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. పంచనామాలో ఒప్పుకోలు మొత్తం రాసేస్తారు, చివర స్వాధీనం రాస్తారు. కోర్టులో ఎగ్జిబిట్ నంబరు, అంటే సాక్ష్యంగా తీసుకున్నట్టు గుర్తు, వేయాల్సింది చెల్లే ముక్కకే. కొన్నిసార్లు మొత్తం కాగితానికీ నంబరు పడిపోతుంది, జడ్జి గారు మొత్తం చదువుతారు. తీర్పులో "ముద్దాయి ఒప్పుకున్న ప్రకారం" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిలుతో గీతలు పెట్టి లెక్కేయండి. ఏ ఒప్పుకోలు గురించి ఆ మాట వాడారో పక్కన రాయండి. పోలీసుల ముందు చెప్పిన కథ మీద శిక్ష నిలబెట్టి ఉంటే, అప్పీలులో మీ మొదటి పాయింటు అదే.

ఆ కాగితంలోని భాష కూడా చూడండి. మీ తమ్ముడు ఇంట్లో ఎలా మాట్లాడతాడో మీకు తెలుసు. "సదరు మృతునిపై పగ పెంచుకొని, పథకం ప్రకారం నేర స్థలమునకు చేరుకొని" అని వాడు పుట్టాక ఎప్పుడైనా అన్నాడా? అది స్టేషన్ రైటరు తెలుగు. దీనొక్కదానితో కేసు పోదు, కానీ ముద్దాయి సొంత మాటలు ఎక్కడ అని అడగడానికి పనికొస్తుంది.

ఇక వీఆర్వో. పోలీసులు కాని మనిషి ముందు చెప్పిన ఒప్పుకోలు చట్టప్రకారం చెల్లుతుంది. మన జిల్లాల్లో హత్య కేసుల్లో వీఆర్వో తరచూ కనిపించడానికి కారణం అదే. అయితే ఇది బలహీనమైన సాక్ష్యమని సుప్రీంకోర్టు మళ్ళీ మళ్ళీ చెప్పింది. 2012 నాటి సహదేవన్ కేసులో దాన్ని ఎలా పరీక్షించాలో వివరంగా రాసింది. నమ్మదగిన పరిస్థితుల్లో చెప్పి ఉండాలి, మిగతా సాక్ష్యంతో అతకాలి. కోర్టు ముందుగా అడిగేది మామూలు బుద్ధితో ఎవరైనా అడిగేదే. అన్నను కాదని, మేనమామను కాదని, పెద్దగా పరిచయం లేని ఉద్యోగి దగ్గరకు వెళ్ళి ఒక మనిషి "నేను చంపాను" అని ఎందుకు చెబుతాడు? ఆ వీఆర్వోకూ మీ తమ్ముడికీ ముందునుంచి పరిచయముందా? ఆయన ఆ మాటలు వెంటనే రాశారా, ఎంతసేపటికి స్టేషన్‌కు తీసుకెళ్ళారు? అన్నిటికంటే ముఖ్యమైనది, మీ తమ్ముడు వీఆర్వో దగ్గరికి వెళ్ళాడని చెబుతున్న రోజుకు ముందే పోలీసుల దగ్గర ఉన్నాడా? ఉన్నాడని తేలితే అది కస్టడీలో చేసిన ఒప్పుకోలు కిందకి వస్తుంది, మేజిస్ట్రేటు లేకుండా చెల్లదు. ఇంటికొచ్చి తీసుకెళ్ళిన తేదీ మీ అందరికీ గుర్తుండి ఉంటుంది. ఆ తేదీని మీ తరఫు లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో దర్యాప్తు అధికారిని అడిగాడో లేదో వాంగ్మూలాల నకళ్ళలో వెతకండి.

మూడోది స్నేహితుడి వాంగ్మూలం. మేజిస్ట్రేటు ముందు ఇచ్చింది కాబట్టి అందరూ దీన్ని చూసి భయపడతారు. మేజిస్ట్రేటు జాగ్రత్తలన్నీ తీసుకుని రాసిన ఒప్పుకోలు, చెప్పిన మనిషి మీద బలమైన సాక్ష్యమే. వెనక్కి తీసుకున్నా పూర్తిగా కొట్టుకుపోదు, కాకపోతే కోర్టులు ఇతర ఆధారం కోసం చూస్తాయి. కానీ మీ తమ్ముడి మీద? అది వేరే లెక్క. తోటి ముద్దాయి ఒప్పుకోలు అసలు సాక్ష్యమే కాదు. ముందు దాన్ని పక్కన పెట్టి, మిగిలిన సాక్ష్యంతో నేరం రుజువవుతుందో లేదో చూడాలి. రుజువవుతుందనిపిస్తే, అప్పుడు మనసుకు ధైర్యం కోసం మాత్రమే ఒప్పుకోలు వైపు చూడవచ్చు. 1952లో కశ్మీరా సింగ్ కేసు, 1964లో హరిచరణ్ కుర్మీ కేసు ఈ మాట చెప్పాయి. రెండోది రాజ్యాంగ ధర్మాసనం తీర్పు, ఉరిశిక్ష పడినవాళ్ళు దాంతో బయటపడ్డారు. మీ కేసు తీర్పులో జడ్జి గారు స్నేహితుడి మాటతో మొదలుపెట్టి దానికి మిగతావి అతికించుకుంటూ వెళ్ళారా? అయితే క్రమమే తప్పు.

ఆ వాంగ్మూలం రాసిన తీరు కూడా చూడాలి. ఒప్పుకోవాల్సిన పని లేదనీ, ఒప్పుకుంటే నీ మీదే వాడతారనీ మేజిస్ట్రేటు చెప్పారా? ఒప్పుకోకపోయినా తిరిగి పోలీసుల చేతికి ఇవ్వబోమని భరోసా ఇచ్చారా? ఆలోచించుకోవడానికి టైమిచ్చారా? కనీసం 24 గంటలు ఇవ్వడం మంచిదని సుప్రీంకోర్టు 1957లోనే సర్వన్ సింగ్ కేసులో అంది. స్టేషన్ నుంచి నేరుగా తెచ్చి, అరగంటలో రాయించి ఉంటే ఆ లోపం కాగితం మీదే కనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పినవి మీకు ఆశ కలిగించేవే. కానీ నేను మీకు అబద్ధం చెప్పలేను. ఒప్పుకోళ్ళన్నీ తీసేసినా శిక్ష నిలిచే కేసులుంటాయి. హత్యకు ముందు చనిపోయిన ఆయనతో మీ తమ్ముడిని చివరిసారి చూసినవాళ్ళెవరైనా సాక్ష్యం చెప్పారా? ఫోన్ రికార్డులున్నాయా? చొక్కా మీద రక్తం ఉందా? గట్టు తగాదా ఎవరితో? తీర్పులో ఈ భాగాలు బలంగా ఉంటే అప్పీలు కష్టమవుతుంది. లాయరు అదే చెబితే ఆయన మీద కోపం తెచ్చుకోకండి. తప్పకుండా గెలుస్తాం అని కాగితాలు చదవకుండా చెప్పే మనిషి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

హైకోర్టులో ఇద్దరు జడ్జీలు సాక్ష్యం మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి తూకం వేస్తారు. కొత్త సాక్షులను మామూలుగా తీసుకోరు. అందుకే ఇప్పుడు ఎవరూ వీఆర్వో ఇంటికి వెళ్ళకూడదు. పంచనామా మధ్యవర్తులతో, చనిపోయిన ఆయన కుటుంబంతో మాట్లాడించే ప్రయత్నాలూ, డబ్బు మాటలూ వద్దు. దుఃఖంలో ఉన్నది మీరొక్కరే కాదు, వాళ్ళింట్లో మనిషి పోయాడు. పైగా అలాంటి పని బయటపడితే అప్పీలుకు మచ్చ.

టైమెంత పడుతుందంటే, ఏళ్ళు పడుతుంది. విజయవాడ దగ్గర హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2010లో విజయవాడ కోర్టు ఆ యువకుడికి జీవిత ఖైదు వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నారు. ఆ లక్ష గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. గుజరాత్‌లోని అక్షర్‌ధామ్ గుడి మీద దాడి కేసులో పోటా అనే ఉగ్రవాద నిరోధక చట్టం కింద పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోళ్ళ మీద శిక్షలు పడితే, 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని తేల్చింది. వాళ్ళలో ముగ్గురికి ఉరి పడి ఉంది. ఆ చట్టంలో పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లేది, అయినా నిలబడలేదు.

అప్పీలుతో పాటు శిక్ష నిలిపివేసి బెయిలివ్వమని పిటిషన్ వేయించండి. హత్య కేసులో వెంటనే ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. విచారణ కాలంలో బెయిలు మీద ఉండి ఏ గొడవా చేయకపోతే అది చెప్పమనండి. నాన్నగారి ఆరోగ్యం కాగితాలు జతచేయండి. అప్పుడు రాకపోయినా మళ్ళీ అడగవచ్చు. శిక్ష పడ్డాక ఐదేళ్ళు జైల్లో గడిచి అప్పీలు ఇంకా తేలని జీవిత ఖైదీలకు బెయిలు పరిశీలించాలని బచ్చు రంగారావు కేసులో 2016లో హైదరాబాద్ హైకోర్టు చెప్పింది. కొన్ని రకాల హత్యలను అందులోంచి మినహాయించారు, మీది అందులోకి వస్తుందో లేదో లాయరు చూస్తారు.

మీరు ములాఖత్‌కు వెళ్ళినప్పుడు తమ్ముడిని ఒక పని చేయమనండి. పోలీసులు ఇంటికి వచ్చిన రోజు నుంచి మొదటిసారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన రోజు వరకు ఏం జరిగిందో వరసగా తన మాటల్లో రాయమనండి. ఏ స్టేషన్, ఏ పూట, ఎవరెవరున్నారు, ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టాడు, ఖాళీ కాగితాలున్నాయా, దెబ్బలున్నాయా అని మేజిస్ట్రేటు అడిగితే ఏం చెప్పాడు, చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు. గుర్తులేనిది గుర్తులేదని రాయాలి, కల్పించి ఒక్క ముక్క రాయకూడదు. ఆ రాతను మీ లాయరు అరెస్ట్ మెమోతో, రిమాండ్ రిపోర్టుతో, ఆసుపత్రి సర్టిఫికెట్‌తో, జైల్లో చేర్చుకున్నప్పుడు ఒంటి మీద గాయాలు రాసుకున్న రిజిస్టర్‌తో పక్కపక్కన పెట్టి చూస్తారు. రాసింది ఎవరికీ చూపించకుండా లాయరుకే అందించమనండి.

తీర్పు నకలు చేతికి వచ్చాక, పేర్లన్నీ కొట్టేసి నాకు ఒక కాపీ పంపండి. అందులో మీకు అర్థం కాని పేరాల పక్కన నంబర్లు వేయండి. నేను చదివి రాస్తాను. ఈలోగా జైలు అప్పీలు కాగితం మీద తమ్ముడి సంతకం పడాలి, దాని రసీదు మీ దగ్గర ఉండాలి.